పదిహేను మీటర్ల దూరం

సంపత్కుమార్‌కు భయం కొత్త కాదు. చిన్నప్పుడు ఉరుమంటే భయం, ఉద్యోగంలో ఆడిటంటే భయం, యాభై దాటాక ఎడమ చెయ్యి కాస్త లాగితే చాలు ఆసుపత్రికి పరుగు. కొండమీద దేవస్థానం ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉంటూ ఇన్నేళ్లలో ఒక్క మెమో కూడా అందుకోలేదంటే అది తెలివివల్ల కాదు, అచ్చంగా భయం వల్లే. కాగితంలో ఏది రాసుంటే అది చేస్తాడు. రాయనిది చెయ్యడు. "ఊపిరి తీసుకోమని ఆర్డరు రాలేదని ముక్కు మూసుకుని కూచునే రకం మా ఆయన" అంటుంది ఆయన భార్య కుముదవల్లి. ఆమె బడిపంతులమ్మ. నోటికి తాళం వేసుకునే అలవాటు ఆమెకు లేదు.

అలాంటి మనిషి చేతికి మూడు వారాల కిందట కారు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది.

కారు ఆయన రెండేళ్ల కిందట కొన్న కరెంటు కారు. పాలపిట్ట రంగుది. ఆ మోడల్లో కొన్ని బండ్ల బ్యాటరీలో లోపం ఉందనీ, మరీ ఎక్కువ చార్జి ఎక్కితే లోపల వేడి పుట్టి అంటుకునే ప్రమాదం ఉందనీ, అందుకని ఆ బండ్లన్నీ కంపెనీయే వెనక్కి కొనుక్కుంటుందనీ ఆ కాగితం సారాంశం. అప్పజెప్పే రోజు దాకా మూడు జాగ్రత్తలు చెప్పారు. ఎనభై శాతం మించి చార్జి చెయ్యకూడదు. బండిని ఇంటికి పదిహేను మీటర్ల దూరంలో ఆరుబయట పెట్టాలి. వాసనగానీ పొగగానీ వస్తే వెంటనే ఆపి, దిగి, కనీసం పదిహేను మీటర్ల దూరం వెళ్లిపోవాలి.

సంపత్కుమార్ ఆ కాగితాన్ని మూడు కాపీలు తీయించాడు. ఒకటి బీరువాలో, ఒకటి ఆఫీసులో, ఒకటి చొక్కా జేబులో. ఆ సాయంత్రమే క్వార్టర్సు గోడ దగ్గర నిలబడి పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ నీళ్ల ట్యాంకు దాకా నడిచాడు. సరిగ్గా ఇరవై అడుగులు. అడుగుకు ముప్పావు మీటరు చొప్పున, పదిహేను మీటర్లకు తన కాలితో ఇరవై అడుగులని ఖాయం చేసుకున్నాడు. బండి ట్యాంకు పక్కకు పోయింది. ప్రతి సాయంత్రం దాన్ని అక్కడ పెట్టి, ఇరవై లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చేవాడు. పెదవులు కదిలేవి. కుముదవల్లి గడపలో కూర్చుని నవ్వేది.

నవ్విన ఆమే పన్నెండు రోజుల కిందట వానకు తడిసిన వాకిట్లో జారిపడింది. కాలు విరిగింది. కింద తిరుపతిలో ఎముకల ఆసుపత్రిలో చేర్చారు, లోపల రేకు వేసి కుట్లేశారు. తొడ నుంచి మడమ దాకా బెల్టుల పట్టీ కట్టి, ఆరు వారాలు కాలు నేల మోపకూడదని చెప్పి, అంబులెన్సులో కొండమీదికి పంపించారు. కుట్లు విప్పే రోజు శుక్రవారం అన్నారు. కారు అప్పజెప్పే రోజూ శుక్రవారమే అయింది.

"మళ్లీ అంబులెన్సు పిలిపిస్తా" అన్నాడు సంపత్కుమార్.

"ఇంకా బతికే ఉండాను కదా, అంబులెన్సు దేనికి?" అంది కుముదవల్లి. "ఎట్లాగూ మీరు దిగతా ఉండారు కదా. వెనక సీట్లో కాళ్లు చాపుకొని కూచుంటా. నన్ను ఆసుపత్రిలో దించి, మీ బండిని వాళ్ల మొహాన కొట్టి రాండి."

ఆయన ఊరుకోలేదు. కంపెనీ తరఫున ఈ బండ్లు వెనక్కి తీసుకునే పని చూస్తున్న రవిచంద్ర అనే అబ్బాయికి ఫోన్ చేశాడు. ఎనభై లోపుంటే నలుగురు కూర్చున్నా ఏమీ కాదని ఆ అబ్బాయి చెప్పాడు. ఆ మాట కాగితంలో లేకపోయినా, కాగితం పంపినవాళ్ల నోట వచ్చింది కాబట్టి సంపత్కుమార్ దాన్ని కాగితంతో సమానంగానే తీసుకున్నాడు.

శుక్రవారం తెల్లారి ఆఫీసు దగ్గరి చార్జరుకు బండి తగిలించి పక్కనే నిలబడ్డాడు. డెబ్బై తొమ్మిది అయినప్పుడు వైరు మీద చెయ్యి వేసి, ఎనభై కాగానే పీకేశాడు. నిజానికి నలభై ఉన్నా తిరుపతికీ రేణిగుంట దారిలోని కంపెనీ యార్డుకూ మిగిలేది. కానీ ఒక భయం ఉన్నవాడికి ఒకటే ఉండదు కదా. అంటుకుంటుందేమోనన్న భయం ఒకవైపు, పెళ్లాంతో నడిరోడ్డున ఆగిపోతానేమోనన్న భయం ఇంకోవైపు. ఎనభై అన్నారు, ఎనభై పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కరెంటు కారు కొండ దిగేటప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, చక్రాలు తిరిగే వేగమే కరెంటుగా మారి బ్యాటరీలోకి పోతుంది. కింద అలిపిరి చేరేసరికి ఏడెనిమిది పాయింట్లు ఊరికే ఎక్కుతాయి. రెండేళ్లుగా ఈ ముచ్చట సంపత్కుమార్ చెప్పని మనిషి లేడు. "ఎక్కేటప్పుడు మనం పెట్టుకుంటాం, దిగేటప్పుడు స్వామి ఇస్తాడు, అది ప్రసాదం" అనేవాడు. వైరు పెట్టి ఎక్కించేదే ఆయన దృష్టిలో చార్జి. ప్రసాదాన్ని లెక్కపెట్టేవాడు ఎవడుంటాడు? అంత జాగ్రత్త మనిషికీ ఆ పొద్దు అది తట్టనే లేదు.

పక్కింటివాళ్ల సాయంతో కుముదవల్లిని వెనక సీట్లోకి చేర్చారు. కుడి తలుపుకు వీపు ఆనించి, పట్టీ కట్టిన కాలు సీటు పొడవునా చాపుకుంది. ఆమె ఊతకర్ర ముందు సీట్లో పెట్టారు. ఘాట్ మొదట్లో టైము కొట్టిన చీటీ ఇచ్చారు. దానిమీదున్న టైముకన్నా ముందు కిందికి చేరితే జరిమానా. సంపత్కుమార్ ముందు చేరిన చరిత్ర లేదు.

సగం ఘాట్ దిగాక ఫోన్ మోగింది. కారులో స్పీకరు మీద రవిచంద్ర గొంతు వినిపించింది.

"నమస్తే సార్. బయల్దేరినారా? యాడున్నారు?"

"ఘాట్‌లో ఉన్నాం అప్పా. దిగతా ఉన్నాం."

"చార్జి ఎంత పెట్టుకున్నారు సార్?"

"ఎనభై. కరెక్టుగా ఎనభై. ఒక్కటి గూడా ఎక్కువ లేదు."



"సార్, ఇప్పుడెంత చూపిస్తా ఉండాదో సూడండి."

సంపత్కుమార్ చూశాడు. ఎనభై నాలుగు. చూస్తుండగానే ఎనభై ఐదు అయింది.

"దిగేటప్పుడు ఎక్కతాది కదా సార్" అన్నాడు రవిచంద్ర. "మీరే కదా నాకు చెప్పినారు, ప్రసాదమని."

దిగే దారి దిగడానికే. తిప్పుకుని పైకి పోయే వీలు లేదు. ముందుకు పోతే ప్రతి మలుపూ ఇంకాస్త కరెంటును లోపలికి తోస్తుంది. సీటు కిందనే ఉంది ఆ బ్యాటరీ. కుముదవల్లి కాలు చాపుకున్న సీటు కిందనే.

"ఏమంటా ఉన్నాడు ఆ అబ్బాయి?" అంది ఆమె వెనక నుంచి.

"ఏం లేదు."

"ఏం లేకుంటే మీ చెవులెందుకు అంత ఎర్రబడినాయి?"

"సార్, గాబరా పడాకండి" అన్నాడు రవిచంద్ర. "స్క్రీను మీద, దిగేటప్పుడు కరెంటు ఎనక్కి తీసుకునేది ఉంటాది, దాన్ని సున్నా పెట్టేయండి. ఏసీ ఫుల్లు పెట్టండి, కొంచెం ఖర్చవతాది. కాలి బ్రేకుతోనే నిదానంగా రాండి. అది గూడా అదే పనిగా తొక్కితే..."

అక్కడ సిగ్నల్ పోయింది. అదే పనిగా తొక్కితే ఏమవుతుందో ఆ అబ్బాయి చెప్పనే లేదు.

సంపత్కుమార్ రెండుసార్లు తప్పు చోట నొక్కి, మూడోసారి సున్నా పెట్టాడు. ఏసీ పూర్తిగా తిప్పాడు. సున్నా పెట్టగానే కారు ఒక్కసారి విడిచిపెట్టిన దూడలా ముందుకు దూకింది. రెండేళ్లుగా కాలు తీస్తే చాలు దానంతటదే నెమ్మదించే బండికి అలవాటు పడ్డ మనిషి. ఇప్పుడు బరువంతా బ్రేకు మీద పడింది. ఆయన బ్రేకు మీద కాలు పెట్టి ఇంక తియ్యలేదు. మలుపులో తొక్కాడు, మలుపు లేనిచోట తొక్కాడు. వెనక బస్సు హారన్ కొడితే ఇంకా గట్టిగా తొక్కాడు. ఎడమన బండరాళ్లు, కుడిన పిట్టగోడ, దాని అవతల లోయ. ఎనభై ఆరు దగ్గర అంకె ఆగింది. అది ఆగిందన్న నమ్మకం ఆయనకు కలగలేదు. రోడ్డును ఒకసారి, అంకెను రెండుసార్లు చూస్తూ పోతున్నాడు.

"చలి పెడతా ఉంది. శాలువా ఇటియ్యండి" అంది కుముదవల్లి. ఆయన చెయ్యి స్టీరింగు వదల్లేదు. "ఏమండీ, నిజం చెప్పండి. అంటుకుంటుందా?"

"ఎనభై ఆరు" అన్నాడు.

కుముదవల్లి ఇంక మాట్లాడలేదు. మాట్లాడే మనిషి మాట్లాడకపోయేసరికి ఆయనకు ఇంకా భయమేసింది. స్వామీ, ఈ ఒక్క ఘాట్ దాటించు, ఈ బండిని గాని, ఇంకే కరెంటు బండిని గాని ముట్టుకుంటే ఒట్టు అని మొక్కుకున్నాడు. నాకేమైనా ఫరవాలేదు, కుముదకు కాలు విరిగింది, అది పరిగెత్తలేదు అని కూడా మొక్కుకున్నాడు. ఆ క్షణంలో ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అనుకున్నదే. అందులో అబద్ధం లేదు.

ఇంకో మూడు మలుపులు దిగాక వాసన వచ్చింది.

ముందు పసిగట్టింది ఆమే. "ఏదో మాడతా ఉండాది" అంది. ఆయన ముక్కుకు కూడా తగిలింది. ఘాటైన మాడు వాసన. దాంతోపాటు ముందు కుడి చక్రం దగ్గర నుంచి సన్నగా తెల్లని పొగ పైకి లేచింది.

రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట పక్కకు తిప్పి ఆపాడు. చేతి బ్రేకు లాగాడు. తలుపు తెరిచాడు.

తర్వాత సంపత్కుమార్‌కు గుర్తున్నది తన గొంతు మాత్రమే. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. రోడ్డు వార నిలబడి రొప్పుతున్నాడు. వాసన వచ్చింది, ఆపాడు, దిగాడు, పదిహేను మీటర్ల దూరం వచ్చాడు. జేబులో కాగితం ఎలా చెప్పిందో అలానే చేశాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చేతులు చూసుకున్నాక తల తిప్పి వెనక్కి చూశాడు.

కారు ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. అద్దంలో నుంచి కుముదవల్లి కనబడుతోంది. తల ఇటు తిప్పి ఆయననే చూస్తోంది. పిలవలేదు. అరవలేదు. తలుపు మీద బాదలేదు. అంగడికి పోయి ఏదో కొనుక్కురావడానికి దిగిన మనిషిని చూసినట్టు ఊరికే చూస్తోంది.

సంపత్కుమార్ బతుకంతా పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు. వెనక్కి పరిగెత్తాడు. ఈసారి లెక్కపెట్టలేదు. పొగలోకే పరిగెత్తాడు.

వెనక తలుపు తీస్తే దానికి ఆనుకుని ఉన్న ఆమె వెనక్కి వాలింది. చంకల కింద చేతులు వేసి లాగాడు. ఆయనకన్నా ఆమె బరువు ఎక్కువ, అది వాళ్లింట్లో పాత వేళాకోళం. ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం, ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి పట్టీ కింద వేసి ఎత్తేశాడు. పట్టీ తలుపుకు తగిలి ఆమె "అమ్మా" అని అరిచింది. ఆ అరుపు వినడం ఆయనకు మేలనిపించింది. నడుము విరిగిపోతున్నా ఎత్తుకుని, పడుతూ లేస్తూ పోయి, దూరంగా పిట్టగోడ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకుని తానూ ఆమె ముందు కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి వచ్చిన ఆర్టీసీ బస్సు ఆగింది. డ్రైవరు దిగాడు. చొక్కా మీద మునిప్రసాద్ అని పేరుంది. నిదానంగా కారు దగ్గరికి నడిచి, చక్రం దగ్గర వంగి, ముక్కు ఎగబీల్చాడు.

"బ్యాటరీ అంటుకునింది అప్పా! దగ్గరికి పోవాకు!" అని అరిచాడు సంపత్కుమార్.

"యాడ సార్ బ్యాటరీ? బ్రేకులు ఇవి. తొక్కి తొక్కి మాడ్చినారు" అన్నాడు మునిప్రసాద్. "ఘాట్ కొత్తోళ్ల బండ్లన్నీ ఇట్లే కంపు కొడతాయి. ఒక గంట వదిలేస్తే సల్లారిపోతాది."

బస్సులో నుంచి జనం దిగి చుట్టూ మూగారు. కారు అంటుకోలేదు. అంటుకునే ఉద్దేశం కూడా దానికి ఉన్నట్టు లేదు, తెరిచిన తలుపుతో బుద్ధిగా నిలబడి ఉంది. గుండు చేయించుకున్న ఒక ముసలామె కుముదవల్లి గడ్డం పుణికి, "సూసినాం మా, ఆ మలుపులో నుంచే సూసినాం. పెండ్లాన్ని పసిబిడ్డ మాదిరి ఎత్తుకొని పరిగెత్తతా ఉన్నాడు. ఈ కాలంలో ఎవురు చేస్తారు మా అట్ల? నువ్వు పెట్టిపుట్టినావు" అంది.

కుముదవల్లి ఆమెకు నవ్వుతూ తలూపింది. సంపత్కుమార్ తల ఎత్తలేదు.

అగ్గి భయం అక్కడితో పోయింది. ఆ చోట్లోకే ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఈమె ఎప్పుడు చెబుతుంది? ఎవరితో చెబుతుంది? ఏ మాటతో మొదలుపెడుతుంది? అదే బస్సులో ఆమె పక్కన కూర్చుని కిందికి దిగుతున్నంతసేపూ ఆయన ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడు. ఆమె కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చుంది.

అలిపిరిలో రవిచంద్ర కాచుకుని ఉన్నాడు. తాళాలు తీసుకుని, కారును తెచ్చుకోవడానికి తమ బండిని పంపించాడు. ఆసుపత్రి దాకా తానే వెంట వచ్చి, అక్కడ బెంచీ మీద కూర్చుని ట్యాబ్‌లో వివరాలు నింపుకున్నాడు.

"ఇదొక్కటి అడగాల సార్, ఫారంలో ఉండాది. వాసన వచ్చినప్పుడు బండిలో ఉన్నోళ్లంతా వెంటనే దిగి దూరం పోయినారా?"

ఇన్నేళ్ల నౌకరీలో ఏ ఫారానికీ సంపత్కుమార్ అబద్ధపు జవాబు ఇచ్చి ఎరగడు. నోరు తెరిచాడు. జేబులోని కాగితం మీదికి చెయ్యి పోయింది. చక్రాల కుర్చీలో ఉన్న కుముదవల్లి ఆయన మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"పోయినాం లేప్పా" అంది రవిచంద్రతో. "అవునని కొట్టు."

"అమ్మను మీరే ఎత్తుకొచ్చినారంట కదా సార్, బస్సు డ్రైవరు చెప్పినాడు. మీ ఇద్దరికీ ఏం కాలేదు, అదే పదివేలు" అని ఆ అబ్బాయి సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. పాలపిట్ట రంగు కారు పీడ వదిలింది. ఆయనకు ఏమీ వదిలినట్టు అనిపించలేదు.

కుట్లు విప్పుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని, "కుముదా, నేను..." అన్నాడు.

"ముందు కుట్లు కానీండి" అంది.

సాయంత్రం కొండకు పోయే బస్సెక్కారు. ఆసుపత్రి మనుషులిద్దరు ఆమెను ఎత్తి ఎక్కించారు. కండక్టరు కాలు చూసి, ముందు తలుపు దగ్గరి సీటు ఖాళీ చేయించాడు. సంపత్కుమార్ అలవాటు చొప్పున తలుపు వైపు కూర్చోబోయాడు.

"మీరు లోపలికి జరగండి" అంది కుముదవల్లి. "తలుపు పక్కన నేను కూచుంటా."

"కాలు చాపుకోను వీలుగా ఉంటాది, మంచిదే మా" అన్నాడు కండక్టరు.

ఆయన కిటికీ వైపు జరిగాడు. కాలు చాపుకోవడానికే అడిగిందా అని అడిగే ధైర్యం లేదు. బస్సు అలిపిరి దాటి ఎక్కసాగింది. ఇంక పట్టలేక, "ఆ కాగితంలో అట్ల రాసినారు కుముదా. పదిహేను మీటర్లని రాసినారు. నాకు ఇంకేం తెలీలేదు" అన్నాడు. ఏడుపు వచ్చేసింది. బస్సులో అందరి ముందూ ఏడ్చేశాడు.

"తెలుసు" అంది ఆమె. "ఇరవై అడుగులు. మీరు లెక్కపెట్టేది వినబడతా ఉండింది. నేనూ మీతోబాటే లెక్కపెట్టినాను. ఇరవై ఒకటి వేస్తారా, ఆగతారా అని."

ఆయన కళ్లు తుడుచుకోవడం మరచిపోయాడు.

"వచ్చేటప్పుడు గూడా లెక్కపెట్టినాను" అంది. "పద్నాలుగే."

ఆ తర్వాత కొండమీదికి చేరేదాకా ఆమె ఆయన చెయ్యి వదలలేదు. తలుపు పక్క సీటు మాత్రం ఇవ్వలేదు.